గుంటూరు కొత్తపేటలో గుండె పరీక్షల ప్యాకేజీ: రక్తం చెప్పినదీ, చెప్పలేనిదీ

గుంటూరు కొత్తపేటలోని ఒక ల్యాబులో గత నెల నేనూ మా వారూ గుండె పరీక్షల ప్యాకేజీ చేయించుకున్నాం. మనిషికి 4,500 రూపాయల చొప్పున ఇద్దరికీ కలిపి 9,000 రూపాయలు కట్టాం. రశీదుతోపాటు చేతికిచ్చిన కరపత్రం మీద ‘గుండె రక్తనాళాల్లో పూడికల తీవ్రతను ఒక్క రక్తపరీక్షతో ముందే తెలుసుకోండి’ అని ఎర్రటి అక్షరాలతో అచ్చు వేసి ఉంది. ఇంటర్మీడియట్ పిల్లలకు ముప్పై ఏళ్లకు పైగా రసాయనశాస్త్రం బోధించిన నాకు ఆ వాక్యం మింగుడుపడలేదు. అయినా డబ్బు కట్టడానికి మా ఇంట్లో బలమైన కారణం ఒకటి ఉంది. అది చెప్పకుండా ఈ సమీక్ష రాయడం సరికాదు. ల్యాబు పేరు మాత్రం రాయడం లేదు. నా అభ్యంతరం ఒక దుకాణం మీద కంటే ఆ ప్యాకేజీని కట్టిన తీరు మీదే ఎక్కువ. ఇటువంటి కరపత్రం రేపు ఇంకొక చోట మీ చేతికి వచ్చినా ఈ విషయాలు పనికివస్తాయి.

మా నాన్నగారు 1989లో, 53వ ఏట, గుండెపోటుతో పోయారు. అప్పటికి మా తమ్ముడు పదో తరగతి చదువుతున్నాడు. వాడిప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాడు. సిగరెట్టు ముట్టడు, షుగరు లేదు, రోజూ పొద్దున్నే నడుస్తాడు. ఉద్యోగం చేసేచోట ఏటా చేయించే పరీక్షల్లో వాడికి మొత్తం కొలెస్టరాల్ 172, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) 44, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 130, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 102 వచ్చాయి, రిపోర్టులో ఎక్కడా ఎర్ర గీత పడలేదు. ఆరు నెలలు తిరగకముందే, విజయవాడ రైల్వే స్టేషన్లో పెట్టె పట్టుకుని వంతెన మెట్లు ఎక్కుతుండగా వాడికి ఛాతీ బిగబట్టినట్టయింది. ఇంటికి చేరాక నాకు ఫోన్ చేసి, “అక్కా, రాత్రి కారం ఎక్కువ తిన్నాను, గ్యాస్ పట్టినట్టుంది” అన్నాడు. మన వైపు ఛాతీలో ఏ ఇబ్బంది వచ్చినా ముందుగా నోటికి వచ్చే మాట అదే. 1989లో ఆ రాత్రి మా నాన్నగారు కూడా అదే అనుకుని సోడా తెప్పించుకున్నారు. అందుకే, “గ్యాస్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆసుపత్రికి బయల్దేరరా” అని వాడిని కదిలించాను. గుండె కండరం దెబ్బతిన్నదేమో చూడటానికి ఆసుపత్రికి వెళ్లగానే చేసిన ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష సాధారణంగానే ఉంది. మూడు గంటల తర్వాత మళ్లీ చేస్తే అనేక రెట్లు పెరిగింది. మర్నాడు యాంజియోగ్రామ్‌లో, గుండె ముందు భాగానికి రక్తం తీసుకువెళ్లే ఎల్ఏడీ అనే ధమని మొదట్లోనే 90 శాతం పూడిక, కుడి ధమనిలో 40 శాతం పూడిక కనిపించాయి. స్టెంట్ వేసిన తర్వాత అక్కడి గుండె వైద్యుడు మరొక రక్తపరీక్ష రాశారు. దాని పేరు లైపోప్రోటీన్-ఎ. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ అని లెక్కించే ఆ అంకె మా తమ్ముడికి 112 వచ్చింది. తోబుట్టువులూ పిల్లలూ కూడా జీవితంలో ఒక్కసారి ఆ పరీక్ష చేయించుకోవాలని ఆయన చెప్పారు. కొత్తపేటకు మేము వెళ్లింది ప్రధానంగా దానికోసమే.

కౌంటరు దగ్గర చిన్న గందరగోళం జరిగింది. ప్యాకేజీలో లైపోప్రోటీన్-ఎ ఉందా అని అడిగితే, అక్కడి అబ్బాయి జాబితా చూసి, “ఉంది మేడమ్, ఏ-వన్ ఉంది” అన్నాడు. అపోలైపోప్రోటీన్ ఏ-వన్ అనేది వేరే పదార్థం. అది మంచి కొలెస్టరాల్ అని మనం పిలుచుకునే హెచ్‌డీఎల్ కణాల మీద ఉండే ప్రోటీను. డాక్టర్లు ‘లిటిల్ ఎ’ అని పిలిచే లైపోప్రోటీన్-ఎ, ఎల్‌డీఎల్ వంటి కణానికి ఇంకొక ప్రోటీను అతుక్కుని తయారయ్యేది. ఒకటి ఎక్కువగా ఉండటం సాధారణంగా మంచికి గుర్తు, రెండోది ఎక్కువగా ఉండటం ప్రమాదానికి గుర్తు. అబ్బాయి లోపలికి వెళ్లి అడిగి వచ్చి, రెండూ ఉన్నాయని చెప్పాడు. ఈ పరీక్షకోసం వెళ్లేవారు డాక్టరు రాసిచ్చిన చీటీని కౌంటరు దగ్గర చూపించి, రశీదులో ఆ పేరే పడిందో లేదో సరిచూసుకోవడం అవసరం.

పొద్దున్న ఆరున్నరకే వెళ్లాం. అప్పటికే సత్తెనపల్లి, నరసరావుపేట వైపునుంచి మొదటి బస్సుల్లో దిగినవాళ్లు ఖాళీ కడుపులతో బెంచీల మీద కూర్చుని ఉన్నారు. రక్తం తీసిన అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో. ఆమె పనితనం గురించి ప్రత్యేకంగా రాయాలి. ముందు నా పేరు, వయసు నా నోటితోనే చెప్పించుకుంది. చేతికి పట్టీ బిగించి, నరం దొరకగానే సూది దింపి, రక్తం గొట్టంలోకి రావడం మొదలుకాగానే పట్టీ వదులు చేసింది. పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే రక్తంలోని నీరు కొంత బయటికి జారి ప్రోటీన్లు, కొలెస్టరాల్ వంటి అంకెలు ఉన్నవాటికంటే పెరిగి కనిపిస్తాయి. నీలిమూత గొట్టం మొదట, పసుపుమూతది తర్వాత, ఊదామూతది, చివర బూడిదరంగు మూతది. ఆ వరస తప్పలేదు. ఊదామూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే లవణం పసుపు గొట్టంలోకి చేరితే పొటాషియం, కాల్షియం అంకెలు తారుమారవుతాయి. ఊదా గొట్టాన్ని ఊపేయకుండా ఏడెనిమిదిసార్లు మెల్లగా తలకిందులు చేసింది. ఆపైన నా కళ్లముందే ఒక్కొక్క గొట్టానికీ లేబులు అంటించి, “మీ పేరేనా చూడండమ్మా” అని నాకు చూపించింది. నా ప్రయోగశాలలో పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పాలని ప్రయత్నించిన క్రమశిక్షణ ఆ అమ్మాయి చేతుల్లో చూసి ఎంతో సంతోషించాను. ఆ పనికి ఐదుకు ఐదు మార్కులు వేస్తాను.

కానీ ఆ కుర్చీలో కూర్చోకముందు అడగవలసిన ప్రశ్నలు ఎవరూ అడగలేదు. మా వారికి గొంతు ఇన్ఫెక్షన్ వచ్చి, యాంటీబయాటిక్ మాత్రలు ముగిసి అప్పటికి మూడు రోజులే అయింది. అటువంటి సంగతి నింపడానికి దరఖాస్తులో గడి లేదు. జుట్టు రాలుతోందని మందుల షాపుల్లో కొని వాడే బయోటిన్ మాత్రల గురించి కూడా అడగలేదు. కొన్ని పద్ధతుల్లో చేసే ట్రోపోనిన్ పరీక్షలో బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే అంకె తప్పుగా తగ్గి కనిపిస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. నేను ఆ మాత్రలు వాడుతున్నాను కాబట్టి వారం ముందే నాకు నేనుగా ఆపేశాను. తెలియనివారి సంగతి ఏమిటి?

రిపోర్టులు మూడో రోజుకు వచ్చాయి. చాలా పరీక్షలు అదే రోజు ఇక్కడే చేసినా, లైపోప్రోటీన్-ఎ నమూనాను హైదరాబాదు పంపారు. ఆ సంగతి రిపోర్టులో స్పష్టంగా రాశారు. ల్యాబుల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ సంస్థ పరిధిలోకి రాని పరీక్షల పక్కన చుక్క గుర్తు పెట్టారు. ఇది మెచ్చుకోవలసిన నిజాయితీ. ల్యాబుకు గుర్తింపు ఉన్నంతమాత్రాన అందులో చేసే ప్రతి పరీక్షకూ అది వర్తించదు. పరీక్ష పరీక్షకూ విడిగా ఇస్తారు. కాబట్టి గోడమీది ధ్రువపత్రంతో సరిపెట్టుకోకుండా రిపోర్టులోని ఆ చుక్కలను చూడాలి.

ఇక అసలు విషయం మొదటి పేజీలో ఉంది. అక్కడ ఒక గడియారం ముల్లు వంటి బొమ్మ వేసి, దానికింద ‘పూడికల తీవ్రత అంచనా’ అని రాశారు. నా రిపోర్టులో ముల్లు ఆకుపచ్చలో ఉంది: ‘తక్కువ’. మా వారి రిపోర్టులో ఎరుపులో ఉంది: ‘తీవ్రమైన పూడికకు అవకాశం ఎక్కువ’. ఆయన ఆ కాగితం చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. మెట్లెక్కితే ఏమవుతుందోనని పై గదికి వెళ్లడం మానేశారు. లోపలి పేజీలన్నీ పరచుకుని నేను ఒక్కొక్క అంకె చూస్తూ వెళితే, ఎరుపుకు కారణం రెండే రెండు కొలతలని తేలింది. మొదటిది ఒంట్లో వాపును సూచించే హెచ్‌ఎస్-సీఆర్‌పీ, లీటరుకు 8.4 మిల్లీగ్రాములు. రెండోది రెండు రకాల తెల్లరక్తకణాలను పోల్చే న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి, 4.0.

ఈ రెండింటినీ తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ధమని గోడలో కొవ్వు పేరుకోవడం నీళ్ల గొట్టంలో పాచి పట్టడం వంటి పని కాదు. తెల్లరక్తకణాలు ఆ గోడలోకి చేరి వాపు ప్రక్రియ జరుగుతూ ఉంటుంది. ఆ ప్రక్రియకు గుర్తుగా కాలేయం తయారుచేసే సీఆర్‌పీ రక్తంలో కొద్దిగా పెరుగుతుంది. దాన్ని సున్నితంగా కొలిస్తే (అదే హెచ్‌ఎస్-సీఆర్‌పీ), ఒకటికి లోపు ఉంటే తక్కువ ముప్పు, ఒకటి నుంచి మూడు మధ్యస్థం, మూడు దాటితే ఎక్కువ అని చెబుతారు. ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి ఈ సీఆర్‌పీ 2 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న 17,802 మందితో జరిగిన జూపిటర్ అధ్యయనం 2008లో వెలువడింది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి గణనీయంగా తగ్గాయని అందులో తేలింది. ఇంత విలువైన కొలత ఇది. అయితే గొంతునొప్పి, పంటి చిగురు వాపు, డెంగీ జ్వరం, కాలికి దెబ్బ, వీటిలో ఏది వచ్చినా అదే సీఆర్‌పీ ఎగబాకుతుంది. అందుకే ఒంట్లో బాగున్నప్పుడు, కనీసం రెండు వారాల తేడాతో రెండుసార్లు చూడాలన్నది పాటించవలసిన పద్ధతి. న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి కూడా అంతే. మామూలు రక్తకణాల పరీక్షలో వచ్చే రెండు శాతాలను భాగించడమే. మా వారికి ఆ రోజు న్యూట్రోఫిల్స్ 68, లింఫోసైట్లు 17. బాక్టీరియా సోకి తగ్గుముఖం పడుతున్న మనిషిలో న్యూట్రోఫిల్స్ ఎక్కువగా ఉండటంలో వింత లేదు. మూడు వారాలు ఆగి, ఆ రెండు పరీక్షలే విడిగా చేయిస్తే సీఆర్‌పీ 1.6కు దిగింది. న్యూట్రోఫిల్స్ 58, లింఫోసైట్లు 31 అయ్యాయి. నిష్పత్తి రెండుకు లోపే. మూడు వారాల్లో ధమనుల్లోని పూడికలు కరిగిపోవు. ఎరుపు ముల్లు చూపించింది ఆయన గుండెను కాదు, ఆయన గొంతును.

నా రిపోర్టు సంగతి ఇంతకంటే బాధాకరం. ముల్లు ఆకుపచ్చలో ఉంది కాబట్టి ఆ పేజీ చూసి ఫైలు మూసేయడానికి నాకు అన్ని అవకాశాలూ ఉన్నాయి. కానీ ఐదో పేజీలో, ఏ రంగూ లేకుండా, అడుగునుంచి మూడో వరసలో లైపోప్రోటీన్-ఎ 84 అని ఉంది. హైదరాబాదు నుంచి ఆలస్యంగా వచ్చిన ఆ అంకెను ముల్లు లెక్కలోకి తీసుకోనేలేదు. మా తమ్ముడికి 112, నాకు 84, మా వారికి 14. నాన్నగారికి ఎంత ఉండేదో ఇక తెలిసే దారి లేదు. వంశపారంపర్యంగా వచ్చే ముప్పు ఏ దారిన వచ్చిందో నా జీవితంలో మొదటిసారి ఒక అంకె రూపంలో చూసింది ఆ ఐదో పేజీలోనే. ప్యాకేజీ మొత్తంలో నాకు అత్యంత విలువైన సమాచారం, వాళ్లు అత్యంత అప్రధానంగా అచ్చువేసిన వరసలో ఉంది.

ఈ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పడం న్యాయం. లైపోప్రోటీన్-ఎను 1963లో నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ కనుగొన్నారు. దాని పరిమాణాన్ని దాదాపుగా జన్యువులే నిర్ణయిస్తాయి. నడక, ఉపవాసం, నూనె తగ్గించడం వంటివి దాన్ని పెద్దగా కదిలించలేవు. వయసుతోపాటు పెద్దగా మారదు కాబట్టి చాలామందికి జీవితంలో ఒక్కసారి కొలిస్తే చాలు. భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024లో విడుదల చేసిన కొలెస్టరాల్ మార్గదర్శకాలు కూడా దీన్ని ఒక్కసారైనా చూడాలని చెప్పాయి. మన దేశంలో సుమారు నలుగురిలో ఒకరికి ఇది ఎక్కువగా ఉంటుందని అంచనా. లిపిడ్ ప్రొఫైల్ అనే మామూలు కొలెస్టరాల్ పరీక్షలో ఇది విడిగా కనిపించదు. అది మోసుకెళ్లే కొలెస్టరాల్ ఎల్‌డీఎల్ అంకెలోనే కలిసిపోతుంది. అందుకే మా తమ్ముడి 102 అంత అమాయకంగా కనిపించింది. కొలతల్లో ఒక చిక్కు ఉంది. కొన్ని ల్యాబులు దీన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, మరికొన్ని లీటరుకు నానోమోల్స్‌లో, అంటే బరువుతో కాకుండా కణాల లెక్కన, ఇస్తాయి. మొదటి పద్ధతిలో 50 దాటితే, రెండో పద్ధతిలో 125 దాటితే ఎక్కువగా భావిస్తారు. మనిషి మనిషికీ ఆ ప్రోటీను బరువు వేరుగా ఉంటుంది కాబట్టి ఒక దానినుంచి మరొక దానికి కచ్చితంగా గుణించే సూత్రం లేదు. అందుచేత అక్కాతమ్ముళ్ల అంకెలు పోల్చదలుచుకుంటే ఒకే కొలమానంలో చేయించుకోవడం మేలు.

కరపత్రంలోని ‘తీవ్రత’ అనే మాటకు వస్తాను. పూడికల తీవ్రతను వైద్యులు యాంజియోగ్రామ్ చూసి లెక్కిస్తారు. 1983లో ప్రచురితమైన జెన్సిని పద్ధతినే ఉదాహరణగా తీసుకుంటే, ధమని 25 శాతం సన్నబడితే 1, 50 శాతమైతే 2, 75 శాతమైతే 4, 90 శాతమైతే 8, 99 శాతమైతే 16, పూర్తిగా మూసుకుపోతే 32 పాయింట్లు. ఆ పాయింట్లను పూడిక ఉన్న చోటునుబట్టి మళ్లీ గుణిస్తారు. ఎల్ఏడీ మొదలు దగ్గరైతే 2.5, ఎడమ ప్రధాన ధమనిలోనే అయితే 5. మా తమ్ముడి యాంజియోగ్రామ్ కాగితాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని నేను లెక్క వేశాను. ఎల్ఏడీలో 90 శాతానికి 8ని 2.5తో గుణిస్తే 20. కుడి ధమనిలో 40 శాతం 25 దాటి 50 లోపు ఉంది కాబట్టి 2, ఆ చోటికి గుణించేది 1, కనుక 2. మొత్తం 22. పక్కనే, ఆ సంఘటనకు ఆరు నెలల ముందు తీసిన రక్తపరీక్ష రిపోర్టు పెట్టాను. ఒక కాగితంలో 22, రెండో కాగితంలో ఆ 22ను పసిగట్టగల అంకె ఒక్కటి కూడా లేదు.

సీఆర్‌పీ, న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి, యూరిక్ ఆమ్లం, ఫైబ్రినోజెన్, సిస్టాటిన్-సి వంటి రక్తపరీక్షల అంకెలు ఎక్కువ ఉన్నవారిలో జెన్సిని స్కోరు కూడా సగటున ఎక్కువగా ఉందని చెప్పే పరిశోధన పత్రాలు అనేకం ఉన్నాయి. వాటిని నేను కాదనను. నా తరగతి గదిలోంచి ఒక పోలిక చెబుతాను. నూటయాభై మంది పిల్లల ఇంటర్ మొదటి ఏడాది మార్కులకూ రెండో ఏడాది మార్కులకూ సంబంధం ఉంటుంది. గీత గీస్తే పైకే పోతుంది. కానీ మూడో బెంచీలో కూర్చున్న ఫలానా అమ్మాయికి రెండో ఏడాది ఎన్ని మార్కులు వస్తాయో ఆ గీత చూసి చెప్పి, ఆ కాగితం మీద ఆమె తలరాత రాయడానికి ఏ ఉపాధ్యాయురాలూ సాహసించకూడదు. గుంపుకు వర్తించే సంబంధాన్ని ఒక మనిషి ధమనిలోని ఒక ఇరుకుకు అంటగట్టడమే ఆ ముల్లు చేసిన తప్పు. పైగా ఇరుకు ఎంత అన్నది కూడా పూర్తి కథ కాదు. పెద్దగా అడ్డుపడని పూడిక సైతం పైపొర చిట్లి, దానిమీద రక్తం గడ్డకడితే గుండెపోటు తెస్తుంది.

ట్రోపోనిన్‌ను ఈ ప్యాకేజీలో ఎందుకు చేర్చారో నాకు అర్థం కాలేదు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీను అది. ఛాతీ నొప్పితో వచ్చినవారికి ఆసుపత్రిలో, ఈసీజీ పక్కన పెట్టుకుని, గంటల తేడాతో మళ్లీ మళ్లీ చూస్తే ప్రాణాలు కాపాడే పరీక్ష. నొప్పి లేని మనిషికి ఒక పొద్దున్న ఒక్కసారి చేసి, 14 లోపు వచ్చిందని ఆకుపచ్చ చుక్క పెడితే, రేపు నొప్పి వచ్చినప్పుడు “మొన్ననే పరీక్షలో బాగుంది కదా” అని ఇంట్లోనే కూర్చునే ప్రమాదం ఉంది. మా తమ్ముడి మొదటి ట్రోపోనిన్ కూడా బాగానే ఉందన్న సంగతి ఇక్కడ గుర్తుచేయాలి.

ప్యాకేజీలోనే ఉన్న మరొక పరీక్ష, హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం, నాకు 22 వచ్చి ఎర్రగా కనిపించింది. శాకాహారులకు బీ12 తక్కువైతే ఇది పెరగడం సర్వసాధారణం. బీ12 లోపాన్ని సరిచేసుకోవాలి, అది నరాలకూ రక్తానికీ అవసరం. అయితే విటమిన్లతో హోమోసిస్టీన్‌ను తగ్గించినా గుండెపోట్లు తగ్గలేదని 2006లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు చూపాయి. ప్యాకేజీలోని ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష గుండె బలహీనపడటాన్ని పట్టుకోవడానికి పనికివస్తుంది. పూడికల లెక్కకు దాన్ని వాడటం అనవసరం.

ఎల్‌డీఎల్ విషయంలో మరొక పొరపాటు దొరికింది. కరపత్రంలో ‘నేరుగా కొలిచిన ఎల్‌డీఎల్’ అని ఉంది. మా వారికి మొత్తం కొలెస్టరాల్ 214, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్లు 190, ఎల్‌డీఎల్ 134. ట్రైగ్లిజరైడ్లను ఐదుతో భాగిస్తే 38. 214 లోంచి 42, 38 తీసేస్తే సరిగ్గా 134. ఇది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. అనుమానం వచ్చి చూస్తే, పద్ధతి అనే గడిలో చీమ తలకాయంత అక్షరాల్లో ‘కాలిక్యులేటెడ్’ అనే ఉంది. లెక్కగట్టడం నేరం కాదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటనంతవరకు ఈ సూత్రం చాలామందికి సరిపోతుంది. చేయని పనిని చేశామని అచ్చువేయడం మాత్రం తప్పు. ఈ సంగతీ, ముల్లు సంగతీ కాగితం మీద రాసుకుని వెళ్లి మేనేజరుతో మాట్లాడాను. ఆయన విసుక్కోకుండా కూర్చోబెట్టి విన్నారు. ఎల్‌డీఎల్ మాటను కరపత్రంలో సవరిస్తామన్నారు. మా వారికి మళ్లీ చేసిన రెండు పరీక్షలకు డబ్బు తీసుకోలేదు. ముల్లు బొమ్మ మాత్రం సాఫ్ట్‌వేరు దానంతట అదే వేస్తుందనీ, తమ చేతిలో లేదనీ చెప్పారు. ఆ జవాబుతో నాకు తృప్తి కలగలేదు. సంతకం చేసే డాక్టరు పేరు ఆ పేజీ కిందే ఉంది కాబట్టి బాధ్యత కూడా అక్కడే ఉండాలి.

ఈ ప్యాకేజీని నేను మళ్లీ కొనను. మరెవరినీ కొనమని చెప్పను. కానీ అందులోని కొన్ని పరీక్షలను అదే ల్యాబులో విడిగా చేయించుకోవడానికి ఏమాత్రం వెనుకాడను. లిపిడ్ ప్రొఫైల్, కొన్ని నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్, జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఎ. ఈ నాలుగూ వాళ్ల ధరల పట్టీ ప్రకారమే ప్యాకేజీలో సగం ఖరీదు కూడా కావు. స్థోమత ఉన్నవారు అపోలైపోప్రోటీన్-బి కలుపుకోవచ్చు. ధమనిలో చేరి హాని చేసే ప్రతి కణం మీదా ఆ ప్రోటీను అణువు ఒక్కటి చొప్పున ఉంటుంది కాబట్టి కణాల సంఖ్య నేరుగా తెలుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, పొట్ట ముందుకు ఉన్నవారికి ఎల్‌డీఎల్ చూపని ముప్పును అది చూపగలదు. మా వారికి హెచ్‌బీఏ1సీ 6.1 అని తేలడం, అంటే షుగరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారని తెలియడం, ఆ ఎరుపు ముల్లు కంటే ఎన్నో రెట్లు పనికివచ్చింది. అన్నం తగ్గించి సాయంత్రాలు నడక మొదలుపెట్టారు.

నా 84 పట్టుకుని బ్రాడీపేటలోని మా గుండె వైద్యుడి దగ్గరకు వెళ్లాను. ఆయన మొదటి పేజీ తిప్పి పక్కన పెట్టి, నేరుగా ఐదో పేజీ తీశారు. నాన్నగారి వయసు, తమ్ముడి వయసు అడిగారు. సీటీ స్కాన్‌లో గుండె ధమనుల కాల్షియం స్కోరు చేయించమన్నారు. 1990లో అగాట్‌స్టన్ అనే వైద్యుడు రూపొందించిన ఆ లెక్కలో సున్నా అయితే గట్టిపడిన పూడిక కనబడలేదని అర్థం, నాలుగొందలు దాటితే చాలా ఉందని అర్థం. నాకు 46 వచ్చింది. రక్తం పరోక్షంగా సూచించిన దాన్ని ఈ పరీక్ష ధమని గోడలోనే చూసింది. లైపోప్రోటీన్-ఎను స్టాటిన్ తగ్గించదు. మిగిలిన ముప్పు వాటాను, అంటే ఎల్‌డీఎల్‌ను, వీలైనంత కిందికి దించడమే ప్రస్తుతం చేయగలిగింది అని చెప్పి మాత్ర రాశారు. బీపీని అదుపులో ఉంచుకోమన్నారు. మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినా, చెమటలు పట్టినా, ఎడమ చేయి లాగినా ల్యాబుకు కాకుండా నేరుగా ఆసుపత్రికి రావాలని రెండుసార్లు చెప్పారు.

మొన్న ఆదివారం మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. దానికి 33 ఏళ్లు. అదే ల్యాబుకు తీసుకువెళ్లాను. కౌంటరులో అబ్బాయి నన్ను గుర్తుపట్టి, ప్యాకేజీ కరపత్రం తీయబోయి ఆగి, “లిటిల్ ఎ ఒక్కటేనా మేడమ్?” అని అడిగాడు. అవునన్నాను. ఆ అమ్మాయే రక్తం తీసింది. ఒక్క పసుపుమూత గొట్టం. లేబులు మా అమ్మాయికి చూపించి, “మీ పేరేనా చూడండి” అంది. రిపోర్టు బుధవారం వస్తుంది.